ఆదివారం గడి

బాపట్లలో రాజారత్నం మేష్టారి ఇల్లెక్కడని అడిగితే ముందు నవ్వి, ఆ తర్వాత దారి చూపించేవాళ్ళు. "సూర్యుడి మేష్టారేగా? ఆ మలుపు తిరిగితే మూడో ఇల్లండి" అనేవాళ్ళు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే నలభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇంట్లో సామాన్ల గది ఖాళీ చేయించి, మిఠాయి కొట్లో బిళ్ళలు పోసే గాజు జాడీ ఒకటి అందులో పెట్టుకుని, పొద్దున ఎనిమిదింటికీ సాయంత్రం అయిదింటికీ దాని ముందు ఊపిరి బిగబట్టి కూర్చుంటాడంటే జనం నవ్వరా మరి? ఆయన భార్య కరుణే నవ్వేది. "బియ్యం బస్తాలకి చోటు లేదు గానీ జాడీకి మాత్రం ఒక గది కావాలి మా ఇంట్లో" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

జాడీలో ఉన్నది పెద్ద విశేషమేం కాదు. పట్టుదారంతో వేలాడదీసిన అయస్కాంతం, దానికి అంటించిన చిన్న అద్దం ముక్క, అంతే. ఎదురుగా ఉన్న దీపం వెలుగు ఆ అద్దం మీద పడి, తిరిగి గోడ మీది కొలబద్ద పైన ఒక చుక్కగా కనబడేది. మామూలు రోజుల్లో ఆ చుక్క కదిలీ కదలనట్టుండేది. కొన్ని రోజుల్లో మాత్రం పక్కకు జరిగేది, ఊగేది. తలుపులు మూసే ఉండేవి, జాడీని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కారు. అయినా ఊగేది.

"సూర్యుడి మీంచి గాలి వీస్తుందర్రా" అని క్లాసులో చెప్పేవాడు రాజారత్నం. "మనం పీల్చే గాలి కాదు. విద్యుత్తు నిండిన రేణువుల గాలి. సౌర పవనం అంటారు. ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది గానీ, సూర్యుడి మీద కొన్ని చోట్ల నుంచి మరీ జోరుగా వస్తుంది. అది భూమికి తగిలిన రోజున అయస్కాంతం తడబడుతుంది. రేడియో మూగబోతుంది. సూర్యుడు తన చుట్టూ తాను తిరిగి మళ్ళీ అదే మొహం మనకు చూపించడానికి ఇరవై ఏడు రోజులు పడుతుంది. కాబట్టి ఇవాళ చుక్క ఊగిందంటే, ఇరవై ఏడో రోజున మళ్ళీ ఊగొచ్చు." ఇది పంచాంగం కాదు సుమా అని చివర్లో తప్పకుండా అనేవాడు.

ఆ లెక్క కోసం ఒక పెద్ద రిజిస్టరు పెట్టాడు. వరుసకు ఇరవై ఏడు గడులు. ఏ రోజు చుక్క ఎంత ఊగిందో సున్నా నుంచి తొమ్మిది లోపు ఒక అంకె వేసి గడిలో రాసేవాడు. వరుస నిండగానే దాని కింద ఇంకో వరుస. ఎల్లుండి ఎలా ఉంటుందో చెప్పాలంటే, ఎల్లుండి గడికి సరిగ్గా పైన ఉన్న గడి చూస్తే సరి. పది సార్లలో ఏడు సార్లు నిజమయ్యేది. గాలివాన కబుర్లు చెప్పే పెద్ద పెద్ద ఆఫీసులకే అంత గురి ఉందో లేదో!

అంతా బాగానే ఉంది. చిక్కల్లా ఆదివారంతోనే వచ్చింది.

రాజారత్నం తండ్రి యేసుదాసుగారికి ఎనభై ఏళ్ళు. లూథరన్ మిషను బళ్ళో పంతులుగా, గుడిలో ఉపదేశిగా నలభై ఏళ్ళు చేసిన మనిషి. ఆయన ఉన్న ఇంట్లో ఆదివారం పని జరగడానికి వీల్లేదు. వంట శనివారం సాయంత్రమే సగం అయిపోవాలి. జాడీ గదిలో దీపం వెలగకూడదు. "ఆరు రోజులు నీ సూర్యుణ్ణి చూసుకో. ఏడో రోజు ఆ సూర్యుణ్ణి చేసినవాడి దగ్గరికి రా" అనేవాడు. కాలేజీలో పిల్లల్ని గడగడలాడించే రాజారత్నం, తండ్రి ముందు నోరెత్తి ఎరగడు. ఆదివారం గడి ఖాళీగా వదిలేసేవాడు.

రెండేళ్ళు అలాగే జరిగింది. ఆ తర్వాత హైదరాబాదు నుంచి ఒక శాస్త్రవేత్త ఉత్తరం రాశాడు. మీరు పంపిన పట్టిక చూశాను, ఒక్క మనిషి ఇంట్లో కూర్చుని ఇంత పని చేయడం ఆశ్చర్యం, ఖాళీలు లేకుండా సాపు ప్రతి పంపగలిగితే మా లెక్కల్లో వాడుకుంటాం, మీ పేరు వేస్తాం అని. ఆ ఉత్తరం చదివిన రోజు రాజారత్నానికి భూమ్మీద కాలు ఆనలేదు. స్టాఫ్ రూములో నలుగురికీ చూపించాడు. తిరిగి మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చూపించాడు.

ఖాళీలు లేకుండా అన్నాడు కదా. శనివారం ఒకటి, సోమవారం మూడు ఉంటే, మధ్యలో ఆదివారం రెండే కదా ఉంటుంది! సగటు కట్టి మొదట పెన్సిల్తో వేశాడు. సాపు ప్రతి రాసేటప్పుడు పెన్సిలంటే బాగుండదని అన్నీ సిరాతో రాశాడు. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. ప్రతి సోమవారం పొద్దున, ఆ రోజు అంకెతో పాటు ఆదివారం అంకె కూడా సిరాతోనే వేసేసేవాడు. ఏడాది తిరిగేసరికి ఏది చూసి రాసిందో ఏది ఊహించి రాసిందో ఆయనకే తెలియకుండా పోయింది. చదువుకున్నవాడు చేయాల్సిన పనేనా అది? కానీ నీలం సిరాలో వరుసగా నిండిన గడుల్ని చూస్తే ఎంత ముచ్చటేసేదో ఆయనకి!

1989 నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. పదహారో తారీఖు గురువారం సాయంత్రం తెనాలి నుంచి రాఘవయ్య, రేపల్లె నుంచి ప్రభుదాస్ బాపట్ల వచ్చారు.

రాఘవయ్యకి తెనాలిలో రైసు మిల్లుంది. మిల్లు కంటే వైర్‌లెస్ సెట్టంటే ఎక్కువ ప్రాణం. డెబ్బై ఏడు ఉప్పెనలో తీగలన్నీ తెగిపోయి, ఏ ఊరు ఉందో ఏది పోయిందో తెలియక జనం అల్లాడిపోవడం కళ్ళారా చూసిన మనిషి. లైసెన్సులు తెచ్చుకుని సొంతంగా వైర్‌లెస్ నడిపేవాళ్ళందర్నీ పోగేసి ఒక సంఘం పెట్టాడు; రాజారత్నం కూడా ఒక సెట్టు పెట్టుకుని అందులో చేరాడు, సెట్లు ఏ రోజు పలుకుతాయో వాళ్ళకి చెప్పేవాడు. ప్రభుదాస్ ఆ సంఘంలో అందరికంటే చిన్నవాడు, ఇరవై ఆరేళ్ళు. రేపల్లెలో హైస్కూలు టీచరు. ఒకప్పుడు రాజారత్నం క్లాసులో మొదటి బెంచీలో కూర్చున్నవాడు. ఇప్పటికీ ఆయన ఎదురుగా కుర్చీ అంచున కూర్చునేవాడు.

"తిప్పలొచ్చాయి మేష్టారూ" అన్నాడు రాఘవయ్య, కరుణ ఇచ్చిన కాఫీ గ్లాసు చేతిలో తిప్పుతూ. "శనివారం మధ్యాహ్నానికి వాయుగుండం ఒడ్డు దాటొచ్చంటున్నారు. మన మీదికొస్తుందో, ఒరిస్సా పోతుందో మాత్రం తేల్చరు. రేపల్లె అవతల వెలగలంక వాళ్ళని కదలమంటే కదలమంటున్నారండి."

"పోయినేడు మూడుసార్లు లేపారండి వాళ్ళని" అన్నాడు ప్రభుదాస్. "మూడుసార్లూ చినుకు పడలేదు. ఇప్పుడు చేలో కోసిన వరి పనలున్నాయి. ఖాయంగా వస్తుందంటేనే పడవలెక్కుతాం అంటున్నాడు వెంకటప్పయ్య బాబాయి. లంకలో ఆయన మాటే అందరిదీను. నాలుగు పడవలు రేవులోనే ఉన్నాయండి. కబురు అందితే గంటలో దాటేస్తారు. నేను సెట్టు తీసుకుని రేపటి నుంచి అక్కడే ఉంటాను."

"అసలు సంగతి అదీ" అన్నాడు రాఘవయ్య. "శనివారం సెట్టు పలుకుతుందా లేదా చెప్పండి. పలకదంటే రేపే వాళ్ళ కాళ్ళో గడ్డమో పట్టుకుని దాటించేస్తాం. పలుకుతుందంటే ఆగుతాం."

రాజారత్నం రిజిస్టరు తెచ్చి, కళ్ళజోడు సవరించుకుని, శనివారం గడి మీద వేలు పెట్టి పైకి జరిపాడు. నీలం సిరాలో చక్కటి రెండు ఉంది.

"రెండు" అన్నాడు. "తొమ్మిదికి రెండు. ఆకాశం శుభ్రంగా ఉంటుంది. నిశ్చింతగా మాట్లాడుకోవచ్చు."

అక్కడితో ఆగినా బాగుండేది. ముందు కూర్చున్నవాళ్ళిద్దరూ తన వేలి వంక అంత భక్తిగా చూస్తుంటే ఆగబుద్ధి కాలేదు. లంకలో కరెంటు లేదు, సెట్టు లారీ బ్యాటరీ మీద నడవాలి, మాట్లాడితే బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. అందుకని ఒక ఏర్పాటు కూడా తనే చెప్పాడు. ప్రభుదాస్ ఏమీ పలకనక్కర్లేదు. పదింటికి, పన్నెండింటికి, రెండింటికి సెట్టు పెట్టి వింటే చాలు. లంక వదిలి పోవాల్సి వస్తేనే తెనాలి నుంచి పిలుస్తారు.

"పిలుపు రాకపోతే?" అన్నాడు రాఘవయ్య.

"రాకపోతే భయం లేదని. అంతేగా!" అన్నాడు రాజారత్నం.

ప్రభుదాస్ ఆ మాట తన నోట్సులో రాసుకున్నాడు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి రాజారత్నం గది తలుపు తీసి దీపం వెలిగించి కూర్చున్నాడు. కొలబద్ద మీద చుక్క లేదు. దీపం సరిగా పెట్టలేదేమో అనుకుని సర్దాడు. లేదు. తల తిప్పి చూస్తే, కొలబద్ద దాటి, గోడకు వేలాడుతున్న క్యాలెండరు మీద వణుకుతోంది చుక్క. అంత దూరం జరగడం ఆయన నాలుగేళ్ళలో ఎప్పుడూ చూడలేదు.

రిజిస్టరు తెరిచి ఇవాళ్టి నుంచి వెనక్కి ఒక్కొక్క రోజే లెక్కపెట్టాడు. ఇరవై ఏడు రోజుల వెనక అక్టోబరు ఇరవై రెండు. ఆదివారం. ఆ రోజు గుడిలో కోతపండగ. తను పాటలు పాడాడు. ఆరాధన అయ్యాక జనం తెచ్చిన పంటలు వేలం వేస్తుంటే పట్టుబట్టి ఒక గుమ్మడికాయ పాడుకుని భుజాన మోసుకొచ్చాడు. ఆ రోజంతా ఈ గదికి తాళం ఉంది. లోపల చుక్క ఏ క్యాలెండరు మీదికి పోయిందో, ఎంత ఊగిందో చూసినవాడు లేడు. సోమవారం ఎనిమిదింటికి వచ్చి, మూడు చూసి, ఆదివారానికి రెండు వేసి కాలేజీకి వెళ్ళిపోయాడు.

పక్క గదిలో ఉన్న తన సెట్టు పెట్టి తెనాలిని పిలిచాడు. గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంకోసారి పిలిచాడు. చొక్కా కూడా సరిగ్గా వేసుకోకుండా పోస్టాఫీసుకు పరిగెత్తి తెనాలికి అర్జెంటు కాల్ బుక్ చేశాడు. లైను కలిసేసరికి పదిన్నర.

"మీరా మేష్టారూ! ఏం సెట్టండీ ఇది, పొద్దున్నుంచీ గుర్రు!" రాఘవయ్య గొంతు బొంగురుపోయి ఉంది. "వాయుగుండం ఇటే తిరిగిందని తొమ్మిదింటికి కబురొచ్చింది. పదింటికి లంకని పిలిచా. ఉలుకూ లేదు పలుకూ లేదు. కుర్రాడు విన్నాడో లేదో తెలీదు. శుభ్రంగా ఉంటుందన్నారుగా మీరు?"

రాజారత్నం వెనక నలుగురు వరుసలో నిలబడి ఉన్నారు. కౌంటరు అవతల పోస్టుమాస్టరు కళ్ళజోడు పైనుంచి చూస్తున్నాడు. నేను ఆ రోజు చూడలేదు రాఘవయ్యగారూ, ఊహించి రాశాను, అనడానికి ఎంత సేపు పడుతుంది? నోటిదాకా వచ్చింది.

"సూర్యుడు మోసం చేశాడండి" అన్నాడు. "వాడికి వినపడి ఉండదు. వెంటనే మనిషిని పంపండి."

రాఘవయ్య మోటారు సైకిలు మీద ఇద్దర్ని తోలాడు. రేపల్లె దాటాక రోడ్డు మీద చెట్లు పడి, వాళ్ళు రేవుకి చేరేసరికి మూడయింది. అప్పటికే ఏరు అవతలి గట్టు కనపడటం లేదట.

లంకలో ప్రభుదాస్ పదింటికి హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని విన్నాడు. గుర్రు. సెట్టు ఎప్పుడూ కాస్త గుర్రుమంటూనే ఉంటుంది కదా అనుకున్నాడు. పన్నెండింటికి గాలి లేచింది. "ఏమంటున్నారబ్బాయ్ తెనాలోళ్ళు?" అని అడిగాడు వెంకటప్పయ్య. "ఏమీ అనలేదు బాబాయ్. అంటే భయం లేదనే" అన్నాడు. రెండింటికీ అదే మాట. రెండున్నరకి పల్లపు ఇళ్ళలోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. అప్పుడింక ఎవరి పిలుపూ చూడకుండా జనాన్ని పడవలెక్కించాడు. మూడు పడవలు దాటాయి. నాలుగోది గట్టు దగ్గరికొచ్చి బోల్తా కొట్టింది. అందులోని పదమూడు మందిలో పన్నెండు మందిని జుట్టూ చేతులూ పట్టుకుని లాగారు. అందర్నీ ఎక్కించి ఆఖరున ఎక్కిన వెంకటప్పయ్య మాత్రం దొరకలేదు. సోమవారం నాడు తుమ్మచెట్ల కింద శవమై దొరికాడు.

ఆ వారమంతా రాజారత్నం కాలేజీకి వెళ్ళాడు, వచ్చాడు. అన్నం ముందు కూర్చుని కంచంలో గీతలు గీశాడు. జాడీ గది తలుపు తీయలేదు. కరుణ రెండుసార్లు అడిగి, ఆయన కసిరేసరికి ఊరుకుంది.

బుధవారం సాయంత్రం రాఘవయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి కాఫీ వద్దన్నాడు.

"ఆ కుర్రాడి సంగతి తేల్చాలి మేష్టారూ. శనివారం మా మిల్లులో అందరం కూర్చుంటున్నాం. సెట్టు వెనక్కి తీసుకుని, సంఘంలోంచి పేరు తీసేయాలంటున్నారు. నాకూ అదే న్యాయమనిపిస్తోంది. గాలి అలా కొడుతుంటే కళ్ళు లేవా వాడికి? ఒక్కసారి తనే పలికి చూడొద్దా? బ్యాటరీ అంత ముఖ్యమా?"

"వాడేమంటున్నాడు?" అని అడిగాడు రాజారత్నం.

"ఏమంటాడు! అంతా నాదే తప్పంటాడు. వెంకటప్పయ్య వాళ్ళింటికి పోయి ఆయన భార్య అంకమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని నేనే చంపానమ్మా అని ఏడ్చాడట. చుట్టాలు కొట్టబోతే తలొంచుకుని నిలబడ్డాడట. బడికి కూడా పోవట్లేదు. మీ లెక్క సంగతి ఎవరో ఎత్తితే, సార్ని ఇందులోకి లాగొద్దండి, సూర్యుడు తిరగబడితే సారేం చేస్తారు అన్నాడు. అదొక్కటీ మాత్రం నిజం చెప్పాడు."

రాజారత్నం లేచి గుమ్మం దాకా సాగనంపాడు. రాఘవయ్య వెళ్ళిపోయాడు.

ఇంతసేపూ మూల పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్న యేసుదాసుగారు కదిలాడు. "ఒరే రత్నం, ఆ లెక్కల పుస్తకం ఇట్లా తే" అన్నాడు.

"ఎందుకు నాన్నా ఇప్పుడు?"

"తెమ్మన్నాగా."

తెచ్చాడు. ముసలాయన ఆ శనివారానికి చూసిన గడి ఏదని అడిగి, భూతద్దం తీసి, కొడుకు చూపించిన గడి మీద పెట్టి చాలాసేపు చూశాడు. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. పండగలూ ఆదివారాలూ ఆయనకి నోటికి వచ్చు.

"ఇది కోతపండగ రోజు కదూ? నువ్వు నా పక్కన నిలబడి పాడావు. సాయంత్రం దాకా నాతోనే ఉన్నావు. మరి ఈ రెండు ఎవరు చూసి రాశారు?"

రాజారత్నానికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ తండ్రి ముందు అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది. "ఎవరు చూస్తారు? మీరు చూడనిస్తేగా! ఆదివారం దీపం వెలిగించొద్దన్నది మీరు కాదూ? ఒక్క నిమిషం, రెండు పూటలా ఒక్కొక్క నిమిషం చూడనిచ్చి ఉంటే ఆ మనిషి బతికుండేవాడు!"

వంటింట్లోంచి కరుణ పరిగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ ఇంట్లో యేసుదాసుగారి మీద గొంతు లేవడం ఆమె కాపురానికొచ్చాక అదే మొదటిసారి.

ముసలాయన కోప్పడలేదు. భూతద్దం గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు.

"చూడొద్దన్నాను. నిజమే. చూసినట్టు రాయమన్నానా?" అన్నాడు.

రాజారత్నం తల తీసేసినట్టు నిలబడ్డాడు. పుస్తకం తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఏడుపొచ్చింది. ఏడ్చాడు.

శనివారం పొద్దున పాసింజరెక్కి తెనాలి బయల్దేరాడు. దారి పొడుగునా పొన్నూరు పొలాల్లో, చుండూరు పొలాల్లో పడిపోయిన వరి నీళ్ళలో నాని కంపు కొడుతోంది. రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చుండూరులో దిగి వెనక్కి వెళ్ళిపోతే ఎవరడుగుతారని ఒకసారి అనుకున్నాడు. బండి ఆగింది, కదిలింది. దిగలేదు.

మిల్లు ఆఫీసు గదిలో పది మంది ఉన్నారు. ప్రభుదాస్ గుమ్మం పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది, మనిషి సగమయ్యాడు. సెట్టు గుడ్డలో మూటగట్టి తెచ్చి అప్పగించడానికి ఒళ్ళో పెట్టుకున్నాడు. రాజారత్నాన్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

రాజారత్నం కూర్చోలేదు. రిజిస్టరు బల్ల మీద పరిచి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా చెప్పేశాడు. ఆ రోజు గడిలో రెండు అన్నది అబద్ధం. ఆదివారాలు తను చూడడు. ఊహించి, చూసినట్టు రాస్తాడు. శనివారం సంగతి తనకి తెలియదు. తెలియదని చెప్పకుండా శుభ్రంగా ఉంటుందన్నాడు. పిలుపు రాకపోతే భయం లేదన్న ఏర్పాటు కూడా తనదే. పోస్టాఫీసు నుంచి ఫోనులో సూర్యుడు మోసం చేశాడని అన్నదీ అబద్ధమే. "వీడు నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. వీడి తప్పేం లేదు" అన్నాడు.

రాఘవయ్య రిజిస్టరు తన వైపు తిప్పుకుని, గడుల వెంట వేలు పోనిస్తూ వెళ్ళాడు. వేలు ఆగింది.

"ఇరవై ఏడంటే నాలుగు వారాలకి ఒక రోజు తక్కువ" అన్నాడు మెల్లగా. "అంటే ప్రతి శనివారం పైనా ఆదివారమే ఉంటుంది కదండీ! ఒక్క శనివారం కాదు, ఇన్నాళ్ళూ మీరు మాకు చెప్పిన శనివారాలన్నీ ఉత్తవే! మా గుమాస్తాకి తట్టే లెక్కే ఇది. అన్ని చదువులు చదివి మీకెలా తట్టలేదయ్యా?"

నిజంగానే తట్టలేదు. శనివారం జోస్యం తప్పినప్పుడల్లా, ఆ రోజు సంతకొచ్చే లారీల అదురుకి అయస్కాంతం కదిలిందని పక్కన రాసుకునేవాడు. లారీల మీద అన్నిసార్లు నెట్టినవాడు తన రాత మీద ఒక్కసారీ అనుమానపడలేదు. ఇప్పుడు ఆ గదిలో నిలబడి వింటుంటే ఆయనకి చెవులు వేడెక్కాయి. అయినా ఏదో బరువు దిగినట్టు కూడా ఉంది. చెప్పేశాను, అయిపోయింది, అనుకున్నాడు.

అయిపోలేదు. ప్రభుదాస్ సెట్టు మూట బల్ల మీద పెట్టి దగ్గరికొచ్చాడు. థాంక్సంటాడేమో, కోప్పడతాడేమో అని చూశాడు రాజారత్నం. రెండూ చేయలేదు వాడు.

"నేను వాళ్ళింటికెళ్ళి, నేనే చంపానని చెప్పానండి" అన్నాడు. "అంకమ్మ పిన్ని అదే నమ్ముతోంది. మీరిప్పుడు చెప్పిన మాట ఇక్కడ కాదు సార్ చెప్పాల్సింది. నాతో రండి."

చేతిలో చెయ్యి వేసి అడగలేదు, బతిమాలనూ లేదు. పదేళ్ళుగా తన ఎదుట కుర్చీ అంచున కూర్చున్న పిల్లవాడు గుమ్మం దాటి ముందు నడిచాడు. రాజారత్నం వెనక నడిచాడు.

రేపల్లె బండిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. రేపల్లెలో బస్సెక్కి, రేవులో పడవెక్కి, వెలగలంకలో దిగేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. లంకంతా బురద. తడిసిన పనల్ని విప్పి మొలకలొచ్చిన గింజల్ని ఏరుతున్నారు ఆడవాళ్ళు. ప్రభుదాస్ కనపడగానే ఇద్దరు ముగ్గురు పని ఆపి, మొహం పక్కకు తిప్పుకున్నారు.

అంకమ్మ ఇంటికి కప్పు సగమే మిగిలింది. చుట్టాలబ్బాయి ఒకడు పైకెక్కి తాటాకు వేస్తున్నాడు. ఆమె కింద నిలబడి అందిస్తోంది. యాభై దాటిన మనిషి, పీలగా ఉంది. ప్రభుదాస్‌ని చూసి తాటాకు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పిన్నీ, వీరు మా మేష్టారు. బాపట్ల. నీతో ఒక మాట చెప్పాలని వచ్చారు."

రాజారత్నం దారంతా మాటలు కూర్చుకున్నాడు. మొదలుపెట్టాడు. సూర్యుడి మీంచి ఒక గాలి వీస్తుందమ్మా అన్నాడు. అది ఇరవై ఏడు రోజులకోసారి మళ్ళీ వస్తుందన్నాడు. అది తగిలితే వైర్‌లెస్ వినపడదని, దాన్ని కనిపెట్టడానికి తన దగ్గర ఒక జాడీ ఉందని, ఆదివారాలు గుడికి వెళ్ళాలి కాబట్టి జాడీ చూడడం కుదరదని చెప్పాడు. చెప్పేకొద్దీ మాటలు పెరుగుతున్నాయి గానీ అసలు మాట రావడం లేదు. కప్పు మీది కుర్రాడు కూడా పని ఆపి వింటున్నాడు.

అంకమ్మ ఓపిగ్గానే విన్నది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడ్డం వచ్చింది.

"అయ్యా, నాకా సూర్యుడి సంగతులు తెలవ్వండి. ఒక్కటి చెప్పండి. శనారం ఆ పెట్టె పలుకుద్దో లేదో మీకు తెలుసా ముందు?"

"తెలీదమ్మా."

"తెలీదని ఈ అబ్బాయితో అన్నారా?"

"అనలేదు. పలుకుతుందన్నాను."

"తెలీదని అనుంటే మావోళ్ళు శుక్రారమే దాటేవోళ్ళా?"

రాజారత్నం ప్రభుదాస్ వంక చూశాడు. ప్రభుదాస్ నేల చూస్తున్నాడు.

"దాటేవాళ్ళమ్మా."

"ఆయన కూడానా?"

"ఆయన కూడా."

అంకమ్మ ఏడవలేదు, తిట్టలేదు. కాసేపు ఏటి వైపు చూసింది. తర్వాత ఇంట్లోకి వెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది, చూరు కింద ఉన్న నులక మంచం దులిపి వాల్చింది.

"కూర్చో నాయనా. ఎప్పుడు తిన్నావో ఏంటో, మొహం పీక్కుపోయింది. ఈ నీళ్ళు తాగు" అంది ప్రభుదాస్‌తో.

ప్రభుదాస్ మంచం మీద కూర్చుని, చెంబు రెండు చేతులతో పట్టుకుని, తాగలేక వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె వాడి వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. రాజారత్నాన్ని కూర్చోమని ఆమె అనలేదు. పడవ తిరిగి వెళ్ళే వేళ దాకా ఆయన ఆ వాకిట్లో నిలబడే ఉన్నాడు.